రెండు మందలు కలిసిన రోజు

పోయినవారం అరుణకుమారిని తర్లుపాడు బస్టాండులో, ఫోను చెవికి ఆనించుకుని నోరు తెరుచుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, వారంగా ఆ పిల్ల అక్కడే ఉంది. ఫోనులో అవతల మాట్లాడింది మహేంద్ర, కురిచేడు వైపు గొర్రెలు మేపుకునే అలివేలమ్మ కొడుకు. అతను చెప్పింది ఒక్క ముక్కే.

"వెంకటేశ్వర్లు పెదనాయన కందిచేనికి మా అమ్మ మంద తోలుకొని పోయింది. మీ మంద కూడా అక్కడికేనంట గదా?"

కొత్తగా కథలోకి వచ్చినవారు కంగారు పడనక్కర్లేదు. మన పడమటి ప్రకాశంలో పంట తీసిన చేలో గొర్రెల మందను రాత్రిళ్లు పడుకోబెడతారు. దాన్నే మంద కట్టడం అంటారు. గొర్రెల పెంట, మూత్రం భూమికి బలం. అందుకు బదులుగా రైతు మందవాళ్లకు గింజలు కొలిచి, అన్నం పెట్టి, గొర్రెలకు నీళ్లు చూపిస్తాడు. అరుణకుమారి మార్కాపురంలో ఒక ఎరువుల దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చుని బిల్లులు కొడుతుంది. బస్తాల కోసం వచ్చిన రైతులు చేనులో సత్తువ పోయిందనో, బత్తాయి చెట్లు దిగాలుగా ఉన్నాయనో చెప్పుకోవడం విని విని, ఒకరోజు వాళ్లందరి నంబర్లూ ఫోనులో ఎక్కించుకుంది. ఏ చేనికి ఏ మంద ఎప్పుడు వెళ్లాలో తానే కుదర్చడం మొదలుపెట్టింది. అది చూసి మహేంద్ర కూడా మొదలుపెట్టాడు. ఇద్దరూ ఒకే రైతుకు ఫోన్లు చేయడం, ఒకరి మీద ఒకరు మండిపడటం, ఆ మండిపాటును చెప్పడానికి మళ్లీ ఒకరికొకరు ఫోను చేసుకోవడం, ఇదీ వాళ్ల వరస.

అరుణకు ఈ చేను ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. వాళ్ల నాయన యల్లయ్య ఏటా ఎండాకాలం మంద వెంట నడిచి కృష్ణా కాలువల దాకా పోతాడు, నీళ్ల కోసం. నిరుడు దారిలో మోకాలు వాచి, ఎవరిదో టీ కొట్టు బల్ల మీద పడుకుని కూతురికి ఫోను చేశాడు. "ఏం లేదు బిడ్డా, ఊరికే చేసినా" అన్నాడు. యల్లయ్య ఊరికే ఫోను చేసే మనిషి కాదు. ఆ రోజే అరుణ గట్టిగా అనుకుంది, వచ్చే ఎండాకాలం నాయన కాలువలకు పోకూడదు. పోకుండా ఉండాలంటే ఎండల్లోనూ ఆగకుండా పోసే బోరు కావాలి. ఈ చుట్టుపక్కల అటువంటి బోరు వెంకటేశ్వర్లు చేలో ఉంది. ఆ చేను దక్కితే నాయన ఇంటి దగ్గర ఉంటాడు, దక్కకపోతే నడుస్తాడు. అంతే సంగతి.

ఆటో దిగి గట్టెక్కి చూసేసరికి అరుణకు ఒక్క క్షణం నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కందిచేను నిండా గొర్రెలే. నీళ్ల తొట్టి చుట్టూ ఒకదాని మీద ఒకటి ఎక్కి తాగుతున్నాయి. ఏది తమదో, ఏది అలివేలమ్మదో దేవుడికే తెలియాలి. గుర్తు కోసం వీపు మీద రంగు పూస్తారు కదా, అదైనా తేడా ఉంటుందేమో అని చూసింది. అన్నిటికీ ఎర్ర రంగే. మార్కాపురంలో ఇద్దరూ ఒకే కొట్టులో కొంటే ఇంకే రంగు వస్తుంది!

తొట్టికి అటు యల్లయ్య, ఇటు అలివేలమ్మ. ఇద్దరి చేతుల్లోనూ కర్రలు, ఇద్దరి మొహాలూ చెరో దిక్కు.

మందవాళ్లకు ఒక పద్ధతుంది. ఎదురుగా ఇంకో మంద వస్తుంటే దూరం నుంచే కేక వేయాలి. కేక వేసినవాళ్లు తమ మందను పక్కకు తిప్పుకుని దారి ఇవ్వాలి. చక్కటి పద్ధతే. చిక్కల్లా ఏమిటంటే, ముందు కేక వేస్తే ముందు తగ్గినట్టు. చాలా ఏళ్ల కిందట గుండ్లకమ్మ ఒడ్డున ఈ ఇద్దరూ ఇలాగే ఎదురుపడ్డారు. నువ్వు వెయ్యి అంటే నువ్వు వెయ్యి అన్నట్టు బిగుసుకుని, ఎవరూ కేక వేయలేదు. మందలు కలిసిపోయాయి. విడదీశాక ఒక నల్లమొహం పొట్టేలు మిగిలింది. నాదంటే నాదన్నారు. ఆ పొట్టేలు పోయి ఎన్నేళ్లయిందో గానీ తగాదా మాత్రం పచ్చగానే ఉంది. అంతకుముందు అలివేలమ్మ నోటివెంట "యల్లయ్యన్నా" అని తప్ప రాలేదు. ఆ రోజు నుంచి ఆ పిలుపు ఆగిపోయింది. అన్నాచెల్లెళ్ల వరస ఆగిపోయాక, మహేంద్రను బావా అని పిలవాల్సిన అరుణ కూడా పిలవడం మానేసింది. ఏ పిలుపూ లేకుండానే గంటసేపు ఫోనులో పోట్లాడటం ఎట్లాగో ఆమెకు బాగా చేతనయింది.

"మళ్లీ కేకెయ్యలేదా నాయనా?" అంది అరుణ.

"నేనెందుకు ఎయ్యాల? చేను మాట్లాడుకునింది మనం."

"మాట్లాడుకునింది మేం!" అంది అలివేలమ్మ, గొర్రెలతో చెబుతున్నట్టు. "కావాలంటే ఆయన్నే అడగమను."

ఆయన వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. తన చేలో ఇంత గొడవ జరుగుతుంటే వెంకటేశ్వర్లు మొహంలో ఉన్నంత ప్రశాంతత పెళ్లిలో విస్తరి ముందు కూర్చున్నవాడి మొహంలో కూడా ఉండదు. అది చూడగానే అరుణకు విషయం అర్థమైంది.

"ఇద్దర్నీ నువ్వే రమ్మన్నావు గదా పెదనాయనా?"

"రమ్మన్నా" అన్నాడు వెంకటేశ్వర్లు ఏ దాపరికమూ లేకుండా. "నువ్వూ, ఆ పిలగాడూ పోటీలు పడి ఫోన్లు చేసి నన్ను నిద్దరపోనియ్యకపోతిరి. సరే, వచ్చి మీలో మీరే తేల్చుకోండి. గింజలు అడక్కుండా ఎవరు మంద కడితే వాళ్లకే ఎండాకాలమంతా నా బోరు నీళ్లు."

"నేను కడతా!" అంది అలివేలమ్మ.

"నేనూ కడతా! అన్నం కూడా నేనే తెచ్చుకుంటా" అన్నాడు యల్లయ్య.

"నేను అన్నం తెచ్చుకొని, పండక్కు ఒక పొట్టేలు కూడా ఇస్తా."

"ఒకటేంది, నేను రెండిస్తా!"

"నాయనా!" అని అరుణ, "అమ్మా!" అని అప్పుడే మోటారుసైకిలు దిగిన మహేంద్ర, ఒకేసారి అరిచారు. ఇంకాసేపు వదిలేస్తే ఈ ఇద్దరూ మందలు రెండూ వెంకటేశ్వర్లుకే రాసిచ్చి, కర్రలు భుజాన వేసుకుని ఇంటికి నడిచేట్టున్నారు. వెంకటేశ్వర్లు గ్లాసులో అడుగున మిగిలిన మజ్జిగను నిదానంగా తిప్పుకుంటున్నాడు.

అరుణ గట్టు వెంట నడిచింది. చిన్నప్పటి నుంచీ మంద వెనకాల తిరిగి ఆమె నేర్చుకున్న తెలివి ఒకటుంది. గొర్రె మొండికేస్తే దాని అరుపు వినకూడదు, దాని చూపు ఎటుందో చూడాలి. దుకాణంలో బేరాలు ఆడే రైతుల దగ్గర కూడా అదే పనికొచ్చింది. ఇప్పుడు వెంకటేశ్వర్లు నోటి మాట పక్కన పెట్టి ఆయన చూపును పట్టుకుంది. ఆ చూపు మాటిమాటికీ చేను మూలకు పోతోంది. మూలన ట్రాక్టరు నాగలి దించి ఉంది. ట్రాక్టరు లేదు, నాగలి మాత్రం ముందే వచ్చి కూర్చుంది. అంటే దుక్కికి మాట అయిపోయింది. అవతల బత్తాయి తోటలో చెట్ల చుట్టూ పాదులు కూడా తవ్వి సిద్ధంగా పెట్టుకున్నాడు.

"దుక్కి ఎప్పుడు పెదనాయనా?" అంది మామూలుగా.

"వచ్చే వారం. ట్రాక్టరోడు గిద్దలూరు నుంచి వస్తాడు. వాడు ఈ తూరి తప్పితే మళ్లీ దొరకడు."

"మంద కట్టినాక ఎంటనే దున్నకపోతే బలమంతా ఎండకు పోతాది గదా."

"పోతాది. అందుకేగా తొందర" అనేశాడు వెంకటేశ్వర్లు. అన్నాక మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

అరుణకు మనసులో ఎక్కడో గంట మోగింది. ఇంత చేను. ఒక్క మంద రోజుకింత చొప్పున జరుగుతూ పోతే వచ్చే వారానికి సగమైనా కాదు. ఈయన ఒక్క మంద కోసం వేలంపాట పెట్టాడు గానీ, ఈయనకు నిజంగా కావలసింది రెండు మందలు. ఆ సంగతి ఈయనకు కూడా తెలిసే ఉంటుంది. ముందు ఒకరిని ఊరికే ఒప్పించి, తర్వాత రెండోవాళ్లను కూడా ఊరికే తెచ్చుకుందామని చూస్తున్నాడు. ఆమెకు కోపం రాలేదు. పైగా, పెద్దాయన బుర్ర కూడా మన బుర్ర లాగే పని చేస్తోందే అని ముచ్చటేసింది.

మహేంద్ర తొట్టి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. అరుణ పక్కన నిలబడి, గొర్రెలను లెక్కపెడుతున్నట్టు చెయ్యి చాపి గొంతు తగ్గించింది.

"ఇదిగో. మీ అమ్మను ఆపగలవా?"

"మీ నాయన్ను నువ్వు ఆపగలవా?"

"ఆపద్దులే. ఇద్దర్నీ నడిపిద్దాం. మందలు విడదీసేది వద్దు. ఇట్లనే తోలుకొని పోదాం, రెండూ."

"యాడికి?"

"యాడికీ లేదు. బాట మీదికి."

మహేంద్ర చేతిలో నీళ్లు చేతిలోనే ఉండిపోయాయి. చేను మూలన నాగలి చూశాడు, వేపచెట్టు కింద పెద్దాయన్ను చూశాడు, అరుణను చూశాడు. మిగతా రెంటికంటే అరుణను కాస్త ఎక్కువసేపు చూశాడు.

"ఆయన పిలవకపోతే?"

"పిలవకపోతే మా నాయన కాలవలకు నడుస్తాడు" అంది అరుణ. "నాకు తెలుసు. అయినా పోదాం."

మహేంద్ర తల ఊపాడు. పోటీకి వచ్చినవాడు అంత తేలిగ్గా తల ఊపుతాడని ఆమె అనుకోలేదు.

అరుణ తండ్రి దగ్గరికి వెళ్లింది. "నాయనా, నీ గంట గొర్రెను పిలువు. మంద బాట మీదికి ఎక్కాల."

"అన్నీ కలిసిపోయినాయి గదే!"

"కలిసే రానీ. ముందు నడిచేది నువ్వే."

ముందు నడిచేది తానే అనే మాట యల్లయ్యకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మోకాలు మరిచిపోయి గట్టెక్కి, కర్ర ఎత్తి, "హోయ్ హోయ్ బొల్లీ!" అని పిలిచాడు. తొట్టి దగ్గర మెడలో గంట ఉన్న తెల్లచుక్కల గొర్రె తల ఎత్తింది. కడుపు నిండా నీళ్లు తాగి ఉంది, పిలిచింది యజమాని, ఇంకేం కావాలి? గంట మోగించుకుంటూ బయల్దేరింది. దాని వెనక నాలుగు, వాటి వెనక నలభై, ఆ తర్వాత చేనంతా కదిలింది. పొట్టేలు తగాదా సంగతి గొర్రెలకెవరూ చెప్పినట్టు లేదు, అలివేలమ్మ గొర్రెలు కూడా ఎంతో బుద్ధిగా యల్లయ్య వెంట నడిచాయి.

"ఓరి దేవుడో! నా గొర్రెలు! యల్లయ్య నా గొర్రెలన్నీ తోలుకొని పోతా ఉండాడు!" అని అలివేలమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పరుగెత్తింది.

"పద పదమ్మా, ఎనకాలే పోదాం!" అంటూ మహేంద్ర మిగిలిన నాలుగింటిని కూడా వెనక నుంచి తోలాడు. ఆపుతున్నాడో సాగనంపుతున్నాడో అతని మొహం చూసి ఎవరూ చెప్పలేరు.

క్షణాల్లో చేను ఖాళీ. దుమ్ము, వేపచెట్టు, కుర్చీ, అందులో వెంకటేశ్వర్లు, అంతే మిగిలారు.

"పోయొస్తాం పెదనాయనా" అంది అరుణ చివరగా, ఎంతో మర్యాదగా. "రెండు మందలుంటే దుక్కి లోపల చేనూ అయ్యేది, తోట కూడా సగమయ్యేది. మాకు రాసిపెట్టి లేదు."

బాట కింద వాన నీళ్లు పోయే మోరీ దాకా నడక. మోరీ దాటితే మలుపు, ఆపైన చేను కనిపించదు. మోరీ దాటేలోగా పిలవకపోతే ఇంక పిలవడు. అరుణ వెనక్కి చూడలేదు. చూడాలని మెడ పీకుతోంది. ఒక్కసారి చూస్తే చాలు, పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి ఇంకో గ్లాసు మజ్జిగ తెప్పించుకుంటాడు. ముందు నాయన కుంటుకుంటూ, అయినా తల ఎత్తుకుని నడుస్తున్నాడు. చేజేతులా నాయన్ను తానే కాలువల దారి పట్టించిందా? దక్కే చేనును తెలివికి పోయి పోగొట్టుకుందా?

పక్కన మహేంద్ర బండి నెట్టుకుంటూ వస్తున్నాడు. "భయపడమాక. ఆయన పిలవకపోతే మీ నాయన్ను కాలవల దాకా నేనే మోసుకొని పోతా."

"మోస్తావులే."

"మోస్తా. మీ నాయన్ను మోసుకొని పోతే నువ్వు ఎనకాల రాకుండా ఉంటావా?"

అంత భయంలోనూ అరుణకు నవ్వొచ్చింది. నవ్వు దాచుకోవడానికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

బొల్లి మోరీ మీద కాలు పెట్టింది. గంట ఖంగున మోగింది.

"అమ్మాయ్! ఓ యల్లయ్యా! ఆగండి, ఆగండయ్యా!"

వెనక నుంచి కేక. అరుణ ఆగలేదు, ఇంకో కేక దాకా నడిచింది. రెండో కేకలో వెంకటేశ్వర్లు గొంతుతో పాటు ఆయన చెప్పుల టపటప కూడా వినపడింది. అప్పుడు ఆగి తిరిగింది. పెద్దాయన పంచె ఎగ్గట్టుకుని, రొప్పుకుంటూ బాట మీద పరుగెత్తుకొస్తున్నాడు.

యల్లయ్య మోరీ మీద నిలబడి, కర్ర మీద గడ్డం ఆనించి, తీరిగ్గా అన్నాడు: "ముందు కేకేసింది ఆయనే."

"అవును, ఆయనే" అంది అలివేలమ్మ వెంటనే. అన్నేళ్లలో ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు. తర్వాత ఆ సంగతి తట్టి ఇద్దరూ మళ్లీ చెరో దిక్కు తిరిగారు.

ముందు కేక వేసినవాళ్లే దారి ఇవ్వాలి కదా. వెంకటేశ్వర్లు ఇచ్చాడు. రెండు మందలూ కట్టాలి. మామూలుగా కొలిచే గింజలు రెండు ఇళ్లకూ కొలుస్తాడు. అన్నం ఆయనదే. చేను అయ్యాక తోట, తోట అయ్యాక వెలిగండ్లలో ఆయన బావమరిది చేను, అక్కడికి ఆయనే ఫోను చేసి చెబుతాడు. ఎండాకాలం ముగిసేదాకా రెండు మందలకూ ఆ బోరు నీళ్లే.

"నీకేం నష్టం లేదు పెదనాయనా" అంది అరుణ. "ట్రాక్టరు వచ్చేసరికి ఒక్క సాలు కూడా వదలకుండా మంద తిరుగుతాది. దానికి పూచీ నాది."

"నా బేరం నాకే తిప్పికొట్టి పూచీ ఒకటా!" అన్నాడు వెంకటేశ్వర్లు, ఊపిరి కూడదీసుకుంటూ. కోపం తెచ్చుకుందామని చూసి, చేతకాక నవ్వేశాడు. "మా కోడలికి నీ తెలివిలో పావు వంతు ఉన్నా ఈ పాటికి నేను తోట మీద తోట కొనేవాణ్ని. పదండి, అన్నాలు తిందురు."

మంద వెనక్కి తిరిగింది. యల్లయ్య మాత్రం కదలకుండా నిలబడ్డాడు.

"అయితే ఈ తూరి కాలవలకు పోయే పని లేదా బిడ్డా?"

"లేదు నాయనా. ఇంటి దగ్గరే."

యల్లయ్య బొల్లి మెడ మీద చెయ్యి వేసి దాని గంట సవరించాడు, సవరించినదాన్నే మళ్లీ సవరించాడు. "దీనికి ఆ దారి బాగా అలవాటు. పాపం, దిగులు పడతాదేమో" అన్నాడు, మొహం అటు తిప్పుకుని. అరుణకు సంతోషంతో కళ్లు నిండిపోయాయి. ఎవరు చూసినా ఫరవాలేదని తుడుచుకోలేదు.

మధ్యాహ్నం వేపచెట్టు కింద వరసగా కూర్చున్నారు. వెంకటేశ్వర్లు ఇంటి నుంచి వేడన్నం, పప్పు, గోంగూర పచ్చడి వచ్చాయి. పచ్చడి గిన్నె యల్లయ్య పక్కన ఉంది. అలివేలమ్మ ఈ చివర. ఆమె రెండు ముద్దలు ఉట్టి పప్పుతో తిన్నది. మూడో ముద్ద కలిపి, గిన్నె వంక చూసి, ఆగింది. మహేంద్ర అందివ్వబోతే అరుణ అతని మోచేయి పొడిచి ఆపింది. యల్లయ్య కంచంలోకి తల దించి, చెవులు మాత్రం ఇటు పెట్టి కూర్చున్నాడు.

"అన్నా" అంది అలివేలమ్మ చివరికి, ఎటో చూస్తూ. "ఆ పచ్చడి ఇటు జరుపు."

యల్లయ్య గిన్నె జరపలేదు. లేచి, మోకాలు పట్టుకుని నడిచివచ్చి, తానే ఆమె కంచంలో వడ్డించాడు. "తిను చెల్లే. ఆ పొట్టేలు మాత్రం నాదే" అన్నాడు.

"నీది కాదు, నాది" అంది అలివేలమ్మ, నోటి నిండా పచ్చడి ముద్దతో. ఇద్దరూ సుఖంగా మళ్లీ మొదలుపెట్టారు.

అరుణకు ఇంక ఆకలి లేదు. చేను దక్కింది, నాయన దక్కాడు, అన్నాచెల్లెళ్లు మళ్లీ కలిశారు. వరస మళ్లీ కలిసింది కాబట్టి, ఇన్నాళ్లూ గొంతులోనే ఆగిపోయిన ఆ ఒక్క పిలుపుకు కూడా ఇప్పుడు అడ్డం లేదు. ఎప్పుడు పిలవాలి, ఏ వంకన పిలవాలి, మంచినీళ్లు అడిగే వంక బాగుంటుందా అని కంచంలో వేలితో గీతలు గీస్తోంది.

"అరుణా" అంది అలివేలమ్మ చెయ్యి కడుక్కుంటూ. "ఆదివారం ఒక్కదినం రెండు మందలూ మీరే చూసుకోవాల. మేం గిద్దలూరు పోతున్నాం. మావోడికి పిల్లను చూసేదానికి."

అరుణ వేలు కంచంలో ఆగిపోయింది. మహేంద్ర తల ఎత్తాడు, అతని మొహం చూస్తే ఈ మాట అతనూ ఇప్పుడే వింటున్నట్టుంది. అరుణ రైతు చూపును పట్టింది, ట్రాక్టరు నాగలి సంగతి కనిపెట్టింది, బాట మీద ఎన్ని అడుగులు పడితే పెద్దాయన పిలుస్తాడో అంచనా కట్టింది. ఈ ఒక్కటి మాత్రం ఆమె ఎత్తుగడలో ఎక్కడా లేదు. చేను వైపు చూసింది, ఏమీ కనిపించలేదు. లేచి వెళ్లిపోదామనుకుంది.

అంతలో పాత అలవాటు కొద్దీ అలివేలమ్మ చూపు ఎటుందో చూసింది. అలివేలమ్మ మందను చూడటం లేదు, కొడుకును చూడటం లేదు. చెంబు చేతిలో పట్టుకుని, రెప్ప కూడా వేయకుండా, అరుణ మొహాన్నే చూస్తోంది.

అరుణ కంచం పక్కకు జరిపింది.

"మందను నాయన చూసుకుంటాడులే అత్తా. నేనూ గిద్దలూరు వస్తా. పిల్లను నాకంటే బాగా చూసేవాళ్లు మీకు ఎవరు దొరుకుతారు?" అంది. ఆపైన చెట్టు కింద అందరికీ వినపడేట్టు, మొదటిసారి, "ఏం బావా, రానా?" అంది.

మహేంద్రకు పొలమారింది. అలివేలమ్మ కొడుకు నెత్తిన ఒక్కటి చరిచి, చెంబు అతని చేతికిచ్చింది. చూపు మాత్రం అరుణ మీదనుంచి తీయలేదు.

"రా" అంది. "పట్టుచీర కట్టుకొని రా."